శ్రీలంక: యుద్ధం ముగిసి పదహారేళ్లు దాటింది, జవాబు చెప్పింది ఎవరు?

సాగరిక (విశాఖపట్నం)
శ్రీలంక సైన్యానికీ తమిళ పులులకూ (ఎల్టీటీఈ) మధ్య యుద్ధం 2009లో ముగిసింది. అక్కడి ఉత్తర ప్రాంతంలో, జాఫ్నా శివార్లలోని చెమ్మణి గురించి మన పేపర్లలో నాకు పెద్దగా వార్తలు కనిపించలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను. 2025 ఫిబ్రవరిలో అక్కడి శ్మశానంలో దహనవాటిక కట్టడానికి తవ్వుతుంటే మనుషుల ఎముకలు బయటపడ్డాయి. తర్వాత కోర్టు పర్యవేక్షణలో తవ్వకాలు మొదలయ్యాయి. సెప్టెంబరు నాటికి బయటపడ్డ అస్థిపంజరాలు 200 దాటాయి. వాటిలో పిల్లలవి కూడా ఉన్నాయి. నీలం రంగు స్కూలు బ్యాగు, ఆడుకునే బొమ్మ, పాలసీసా, గాజులు, చెప్పులు దొరికాయి.

అక్కడ శవాలున్నాయని ఇప్పుడే తెలిసిందా? కాదు, 1998లోనే కోర్టు రికార్డులోకి ఎక్కింది. 1996 సెప్టెంబరులో కెమిస్ట్రీ పరీక్ష రాసి ఇంటికి వెళ్తున్న 18 ఏళ్ల అమ్మాయిని చెమ్మణి చెక్‌పోస్టు దగ్గర సైనికులు పట్టుకున్నారు. ఆమెను వెతుక్కుంటూ వెళ్లిన తల్లి, తమ్ముడు, తెలిసినాయన కూడా తిరిగి రాలేదు. అమ్మాయిపై అత్యాచారం చేసి, నలుగురినీ చంపి పూడ్చిపెట్టారు. ఆ కేసు నడిచింది. 1998 జులైలో సైనికులకు మరణశిక్ష పడింది. దోషుల్లో ఒక లాన్స్ కార్పొరల్ కోర్టులోనే నోరు విప్పాడు. ఈ ప్రాంతంలో మూడు నాలుగు వందల శవాలు పూడ్చి ఉన్నాయని, చోట్లు చూపిస్తానని చెప్పాడు. 1999లో తవ్వితే 15 మృతదేహాలు దొరికాయి. ఇద్దరిని గుర్తుపట్టారు. కొందరిని అరెస్టు చేశారు, వాళ్లు బెయిల్ మీద బయటికి వచ్చారు, కేసు అక్కడే ఆగిపోయింది.

ఒక దోషి కోర్టులో నిలబడి చెప్పిన మాటను పావు శతాబ్దానికి పైగా ఎలా పక్కన పెట్టగలిగారు? అక్కడి చట్టం, అంతర్జాతీయ వ్యవహారాలు తెలిసినవాళ్లు చెప్పండి.

పల్నాటి వకీలు
సాగరిక గారూ, మంచి చోట పట్టుకున్నారు. శ్రీలంకలో విచారణలు జరగలేదని అనలేం. చాలా జరిగాయి. అవి కేసులుగా, శిక్షలుగా మారలేదు. అసలు చిక్కు అది.

మనకు దగ్గరి సంబంధం ఉన్న ఉదాహరణ ఒకటి చెబుతాను. 2006 జనవరి 2న ట్రింకోమలీ సముద్రతీరంలో ఐదుగురు తమిళ విద్యార్థులను కాల్చి చంపారు. అదే ఏడాది ఆగస్టులో ముత్తూరులో ఒక ఫ్రెంచ్ సహాయ సంస్థ ఉద్యోగులు 17 మందిని వాళ్ల ఆఫీసు ఆవరణలోనే చంపారు. ఇలాంటి 16 కేసుల మీద అక్కడి అధ్యక్షుడు కమిషన్ వేశారు. ఆ కమిషన్ పని సవ్యంగా సాగుతోందా అని చూడటానికి అంతర్జాతీయ ప్రముఖుల బృందం ఒకటి ఏర్పడింది. దాని అధ్యక్షుడు మన సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి. 2007లో పని మొదలుపెట్టి, 2008లో ఆ బృందం తప్పుకుంది. నిజాన్ని వెలికితీయాలనే రాజకీయ సంకల్పం అక్కడ లేదని చెప్పి మరీ తప్పుకుంది. ప్రజాప్రయోజన వ్యాజ్యాలకు మన దేశంలో తలుపు తెరిచిన న్యాయమూర్తి ఆ మాట అనాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోండి.

ఆ విద్యార్థుల కేసులో 13 మంది పోలీసుల మీద అభియోగాలు పెట్టారు, వాళ్లలో ఎక్కువమంది కమాండోలే. సాక్షులు ప్రాణభయంతో దేశం వదిలి పోయారు. 2019లో సాక్ష్యం చాలదని అందరినీ వదిలేశారు. ముత్తూరు కేసులో ఇప్పటిదాకా ఒక్కరికీ శిక్ష లేదు.

శిక్ష పడిన కేసుకు ఏమైందో కూడా చూడండి. 2000 డిసెంబరులో మిరుసువిల్‌లో, తమ ఇళ్లు ఎలా ఉన్నాయో చూసుకోవడానికి వెళ్లిన ఎనిమిది మంది తమిళుల గొంతులు కోసి చంపారు. వాళ్లలో ఐదేళ్ల పిల్లవాడున్నాడు. 2015లో స్టాఫ్ సార్జెంట్ సునీల్ రత్నాయకేకు మరణశిక్ష పడింది. 2019లో ఐదుగురు జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం దాన్ని ఖరారు చేసింది. 2020 మార్చిలో, కరోనా హడావుడిలో లోకమంతా ఉండగా, అధ్యక్షుడు గోటబాయ రాజపక్స క్షమాభిక్ష ఇచ్చి విడుదల చేశారు. పదిహేనేళ్లు కోర్టుల చుట్టూ తిరిగి సాధించుకున్న తీర్పు ఒక్క సంతకంతో పోయింది.

ప్రసాద్_గుంటూరు
నా అభిప్రాయం వేరు, చెబుతాను. ఎల్టీటీఈ చేసినవి మర్చిపోయారా? మన మాజీ ప్రధానిని శ్రీపెరుంబుదూరులో చంపినవాళ్లు వాళ్లే కదా. ఆత్మాహుతి దాడులు, బస్సుల్లో బాంబులు, చిన్నపిల్లల మెడలో సైనైడ్ గొట్టాలు. 26 ఏళ్ల యుద్ధం అయ్యాక ఒక దేశం ఊపిరి పీల్చుకుంది. పైగా 2022లో ఆర్థికంగా కుప్పకూలింది. పాత గాయాలు తవ్వుతూ కూర్చుంటే అక్కడి సామాన్యుడికి ఒరిగేదేంటి? గెలిచిన సైన్యాన్ని బోనులో నిలబెట్టిన దేశం ఏదైనా ఉందా?

మల్లిక్ (హనుమకొండ)
ప్రసాద్ అన్నా, పులుల నేరాలు లెక్కలోకి రాకూడదని ఇక్కడ ఎవరూ అనలేదు. రావాలి, పూర్తిగా రావాలి. 1990 ఆగస్టు 3న కాత్తాన్‌కుడి మసీదుల్లో నమాజు చేస్తున్నవాళ్లను వంద మందికి పైగా కాల్చి చంపారు. అదే ఏడాది జూన్‌లో తూర్పున లొంగిపోయిన పోలీసులను వందల్లో చంపారు. అక్టోబరులో ఉత్తర ప్రాంతంలోని ముస్లింలను, డెబ్బై వేల మందికి పైగా, మూటాముల్లె కూడా సర్దుకోనివ్వకుండా వెళ్లగొట్టారు. జాఫ్నాలోనైతే ఇచ్చిన గడువు రెండు గంటలు. రజనీ తిరణగమ అనే వైద్య అధ్యాపకురాలు జాఫ్నా యూనివర్సిటీలో పనిచేస్తూ సైన్యం చేసినవీ, అప్పుడు అక్కడున్న భారత శాంతి సేన చేసినవీ, పులులు చేసినవీ సమానంగా నమోదు చేసింది. 1989 సెప్టెంబరులో ఆమెను కాల్చి చంపారు. చంపింది పులులేనని ఆమెతో కలిసి పనిచేసినవాళ్లు అప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు.

ఈ వాదన మన దగ్గర చాలా ముందే జరిగింది. బాలగోపాల్ గారు పౌరహక్కుల సంఘంలో ఉన్నప్పుడు, రాజ్యం చేసే హత్యలను ప్రశ్నిస్తూనే సాయుధ ఉద్యమాలు చేసే హత్యలనూ ప్రశ్నించాలని పట్టుబట్టారు. ఆ భేదాభిప్రాయంతోనే బయటికి వచ్చి 1998లో సహచరులతో కలిసి మానవ హక్కుల వేదిక పెట్టారు. అందుకు ఆయన రెండు వైపుల నుంచీ తిట్లు తిన్నారు. ఆయన ఆ మాట అన్నంత మాత్రాన ఎన్‌కౌంటర్ల మీద ఆయన ప్రశ్నలు మెత్తబడలేదు. వరంగల్ జిల్లాలో పెరిగినవాడిగా నాకు అదే సరైన దారి అనిపిస్తుంది.

ఇంకొక సంగతి. పులుల నాయకత్వం 2009లోనే దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. తూర్పు కమాండర్ కరుణ 2004లో విడిపోయి ప్రభుత్వం వైపు వచ్చాడు, తర్వాత మంత్రి కూడా అయ్యాడు. కాత్తాన్‌కుడి బాధితులకూ, పులులు దళంలో చేర్చుకోవడానికి ఎవరి పిల్లలను లాక్కెళ్లారో ఆ తల్లులకూ సమాధానం చెప్పాల్సినవాడికి కుర్చీ వేశారు. 2025 మార్చిలో బ్రిటన్ ఆంక్షలు పెట్టిన నలుగురిలో ముగ్గురు మాజీ సైనిక, నౌకాదళ అధిపతులు, నాలుగోవాడు ఈ కరుణే. కాబట్టి పాతవి వదిలేస్తే లాభపడేది సైన్యం ఒక్కటే కాదు.

నిర్వాహకులు
ఒక కామెంట్ తొలగించాం. మతం పేరుతో తిట్టడం ఇక్కడ కుదరదు. చర్చ బాగా సాగుతోంది, కొనసాగించండి.

అనూష_ఎల్‌ఎల్‌బీ
నాకు రెండు సందేహాలు. ఒకటి, 2009లో యుద్ధం చివరి నెలల్లో 40,000 మంది చనిపోయారనే లెక్క ఎక్కడిది? కొందరు అబద్ధం అంటారు. రెండు, అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు ఎందుకు పోలేదు?

పల్నాటి వకీలు
అనూషా, రెండోదానికి చిన్న జవాబు. ఆ కోర్టును ఏర్పాటు చేసిన రోమ్ ఒప్పందంలో శ్రీలంక చేరలేదు. మన దేశమూ చేరలేదనుకో. శ్రీలంక తానే ఒప్పుకుంటే, లేదా భద్రతా మండలి పంపితే తప్ప ఆ కోర్టుకు అధికారం రాదు, మండలిలో వీటో ఉంది. అందుకని కొందరు వేరే దేశాల కోర్టులను ఆశ్రయించారు. యుద్ధం చివరి దశలో, పోరు సాగిన ఉత్తరాది వన్ని ప్రాంతంలో సైన్యాన్ని నడిపిన జగత్ జయసూర్య బ్రెజిల్‌లో రాయబారిగా ఉండగా 2017లో అక్కడ ఫిర్యాదులు వేశారు. ఆయన ఆ దేశం వదిలి వెళ్లిపోయారు.

మొదటిది సాగరిక గారు బాగా చెప్పగలరు.

సాగరిక (విశాఖపట్నం)
చెబుతాను. ఆ లెక్క ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి నియమించిన ముగ్గురు నిపుణుల బృందం 2011లో ఇచ్చిన నివేదికలో ఉంది. మార్జుకి దారుస్మాన్ అధ్యక్షుడు. వాళ్లు 40,000 మంది చనిపోయారని తేల్చేయలేదు. అంతవరకు ఉండే అవకాశాన్ని కొట్టిపారేయలేమని, సరైన దర్యాప్తు జరిగితేనే తేలుతుందని అన్నారు. ఈ తేడా ముఖ్యం. ఎందుకంటే సంఖ్యను తప్పుగా చెప్పి, ఆ తప్పును పట్టుకుని మొత్తం నివేదికే అబద్ధం అనేవాళ్లున్నారు. 2012లో ఐరాస తన సొంత వైఫల్యం మీద చేయించుకున్న సమీక్షలో 70,000 మందికి పైగా ఆచూకీ తేలలేదన్న సమాచారం ప్రస్తావనకు వచ్చింది.

లెక్క ఇంత అస్పష్టంగా ఉండటానికి కారణం ఏమిటి? 2008 సెప్టెంబరులో ప్రభుత్వం భద్రత ఇవ్వలేమని చెబితే ఐరాస సిబ్బంది వన్ని నుంచి వచ్చేశారు. విలేకరులను లోపలికి రానివ్వలేదు. 2009 జనవరి నుంచి మే వరకు ప్రభుత్వం మూడుసార్లు కాల్పుల నిషేధిత ప్రాంతాలు ప్రకటించింది. అక్కడికి వెళ్లమని జనానికి చెప్పింది. నిపుణుల బృందం ప్రకారం ఆ ప్రాంతాల మీదే ఫిరంగి గుండ్లు పడ్డాయి, ఆసుపత్రుల మీద పడ్డాయి. పులులు జనాన్ని బయటికి పోనివ్వలేదు, పోతున్నవాళ్లను కాల్చారు. లోపల ఎంతమంది ఉన్నారన్న దాన్ని ప్రభుత్వం బాగా తగ్గించి చెప్పింది, దాని ప్రకారమే తిండీ మందులూ వెళ్లాయి. యుద్ధం అయ్యాక శిబిరాల్లోకి వచ్చినవాళ్లే మూడు లక్షలకు దగ్గరగా ఉన్నారు. ముందు తక్కువ చెప్పింది తప్పు లెక్కా, కావాలని చెప్పిన లెక్కా అన్నది కోర్టులో తేలాల్సిన ప్రశ్న. నాకు దీనంత భయంకరంగా మరేదీ అనిపించదు, ఎందుకంటే కాగితం మీద జనాన్ని తగ్గించి రాస్తే అక్కడ ఆకలి చావులు మొదలవుతాయి.

రమ_టొరంటో
మేముండే స్కార్‌బరోలో జాఫ్నా, వవునియా, ముల్లైతీవు నుంచి వచ్చినవాళ్లు చాలామంది. మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దావిడ ఉన్నారు, నేను ఆంటీ అంటాను. 2009 మేలో లొంగిపోవడానికి బారులు తీరినప్పుడు ఆవిడ తమ్ముడిని సైన్యం బస్సు ఎక్కించడం చూశారట. చనిపోయాడని కాగితం తీసుకోమని, పరిహారం వస్తుందని ఊళ్లో బంధువులకు అధికారులు చెబుతున్నారు. ఆవిడ ఒప్పుకోరు. "నేను అప్పగించింది ప్రాణమున్న మనిషిని. వాళ్లు ఏం చేశారో చెప్పకుండా కాగితం ఎలా తీసుకోను?" అంటారు.

2017 ఫిబ్రవరిలో కిలినొచ్చిలో, వవునియాలో ఇలాంటి తల్లులు, అక్కలు రోడ్డు పక్కన పందిళ్లు వేసుకుని ఫొటోలు పట్టుకుని కూర్చున్నారు. ఇప్పటికీ ఆ నిరసన ఆగలేదు. ఈలోగా చాలామంది వయసు మీదపడి చనిపోయారు. వాళ్లు డబ్బు అడగడం లేదు. లొంగిపోయినవాళ్ల జాబితా అడుగుతున్నారు.

ప్రసాద్_గుంటూరు
రమ గారూ, మీరు చెప్పింది చదివాక ఒకటి అడగాలనిపించింది. వెతకడానికి ప్రభుత్వ ఆఫీసు ఏదో పెట్టారు కదా, అది ఏం చేస్తోంది?

పల్నాటి వకీలు
పెట్టారు. 2015 అక్టోబరులో జెనీవా మానవ హక్కుల మండలిలో శ్రీలంక తానే సహ ప్రతిపాదకురాలిగా ఉండి ఒక తీర్మానానికి ఒప్పుకుంది. విదేశీ జడ్జీలు కూడా పాల్గొనే ప్రత్యేక న్యాయ వ్యవస్థ, తప్పిపోయినవారి కార్యాలయం, పరిహారాల కార్యాలయం అన్నీ అందులో ఉన్నాయి. 2016లో చట్టం చేశారు, 2018లో తప్పిపోయినవారి కార్యాలయం మొదలైంది. బలవంతంగా మాయం చేయడాన్ని నేరంగా ప్రకటించే చట్టం కూడా 2018లో వచ్చింది. ఆ విషయంలో వాళ్లు మనకంటే ముందున్నారు. మాయం చేయడాన్ని అడ్డుకునే అంతర్జాతీయ ఒప్పందం మీద మన దేశం 2007లో సంతకం పెట్టింది, ఇంతవరకు ఆమోదించలేదు.

కానీ ప్రత్యేక కోర్టు రాలేదు. 2020లో కొత్త ప్రభుత్వం ఆ తీర్మానం నుంచి తప్పుకుంది. కార్యాలయం మిగిలింది, కుటుంబాలకు దాని మీద నమ్మకం మిగల్లేదు. దానికి నేరం మోపే అధికారం లేదు. అభియోగం మోపాల్సింది అటార్నీ జనరల్. ప్రభుత్వానికి వకీలూ ఆయనే, ప్రభుత్వ సైనికుల మీద కేసు పెట్టాల్సిందీ ఆయనే. దీన్ని విడదీసి స్వతంత్ర ప్రాసిక్యూటర్‌ను పెట్టాలని అక్కడి న్యాయవాదులు ఏళ్లుగా అడుగుతున్నారు. పైగా కింది సైనికుడు చేసినదానికి పై అధికారిని బాధ్యుడిని చేసే స్పష్టమైన చట్టం లేదు. అందుకే చెమ్మణిలో కింది స్థాయి సైనికుల వరకే శిక్ష వెళ్లింది. ఆదేశం ఎక్కడి నుంచి వచ్చిందన్న దగ్గర తలుపు మూసుకుంది.

2021 నుంచి ఐరాస మానవ హక్కుల కార్యాలయమే సాక్ష్యాలు సేకరించి భద్రపరుస్తోంది, భవిష్యత్తులో ఏ దేశపు కోర్టుకైనా ఇవ్వడానికి. దానికి వీలిచ్చిన 2021 మండలి తీర్మానం మీద ఓటింగ్‌లో మన దేశం తటస్థంగా ఉండిపోయింది. 2012లో, 2013లో శ్రీలంకకు వ్యతిరేకంగా ఓటేసిన దేశమే ఇది.

రాఘవ_రిటైర్డ్
భారత్ సంగతి వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మా పెదనాన్న గారి అబ్బాయి శాంతి సేనలో వెళ్లాడు. 1987 నుంచి 1990 మార్చి వరకు మన సైనికులు పన్నెండు వందల మంది దాకా అక్కడ ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లంటే నాకు గౌరవం. ఎవరితో పోరాడాలో, ఎందుకు పోరాడాలో స్పష్టత లేకుండా పంపారని అన్నయ్య బాధపడేవాడు.

అలాగని ఒక సంగతి దాచలేను. 1987 అక్టోబరులో, దీపావళి రోజున, మన దళాలు జాఫ్నా ఆసుపత్రిలోకి వెళ్లాక రోగులు, డాక్టర్లు, నర్సులు కలిపి అరవై మందికి పైగా చనిపోయారు. లోపల నుంచి పులులు కాల్చారని, ఎదురుకాల్పుల్లో పోయారని మనవాళ్ల వాదన. బతికి బయటపడ్డ సిబ్బంది వేరేగా చెప్పారు. మరుసటి రోజు ఉదయం చేతులెత్తి బయటికి వస్తున్న డాక్టరును కూడా కాల్చారని చెప్పారు. దాని మీద మన దేశంలో బహిరంగ విచారణ జరగలేదు. కొలంబోను అడిగే హక్కు మనకు ఉండాలంటే ఈ ఫైలు మనమే తెరవాలి. యూనిఫాం వేసుకున్నవాడి పరువు పోతుందని నేను అనుకోను. నియమం తప్పనివాళ్లు వేలమంది ఉన్నారు, తప్పినవాడిని దాచడం వల్ల వాళ్ల మీదా మచ్చ పడుతోంది.

మల్లిక్ (హనుమకొండ)
రాఘవ గారూ, నమస్కారం. ఈ మాట మీ నోటి నుంచి రావడం చాలా పెద్ద విషయం.

కవిత_ఎం
అందరూ ఉత్తరం గురించే మాట్లాడుతున్నారు. దక్షిణాన సింహళ యువకులను ఇదే రాజ్యం ఇలాగే మాయం చేసింది. 1987-89లో జేవీపీ అనే సింహళ వామపక్ష పార్టీ తిరుగుబాటు అణచివేతలో వేల మంది పోయారు. తిరుగుబాటుదారులు కూడా ఘోరంగా చంపారు. ఎంబిలిపిటియలో హైస్కూలు పిల్లలను సైనిక శిబిరానికి తీసుకెళ్లి మాయం చేశారు. ఆ కేసులో 1999లో స్కూలు ప్రిన్సిపాల్‌కీ, సైనికులకూ శిక్ష పడింది. అరుదుగా దక్కిన న్యాయం అది. మాతలే ఆసుపత్రి ఆవరణలో 2012 చివర్లో మొదలుపెట్టి 150కి పైగా అస్థిపంజరాలు తీశారు. అవి ఎవరివో ఇప్పటికీ తేల్చలేదు.

1990లో ఈ తల్లుల తరఫున ఫొటోలు, వివరాలు పట్టుకుని జెనీవా బయల్దేరిన ఒక ప్రతిపక్ష ఎంపీని కొలంబో విమానాశ్రయంలో ఆపి ఆ కాగితాలు లాక్కున్నారు. ఆ ఎంపీ మహింద రాజపక్స. తర్వాత 2009లో అధ్యక్షుడిగా ఉన్నది ఆయనే. ఇప్పుడు అధ్యక్షుడు అనుర కుమార దిసనాయకే జేవీపీ నాయకుడు. తన పార్టీ కార్యకర్తలను హింసించిన బటలంద శిబిరం నివేదికను 2025 మార్చిలో పార్లమెంటు ముందు పెట్టారు. మంచి పనే. బటలందకు ఇచ్చిన ప్రాధాన్యం చెమ్మణికీ, కాత్తాన్‌కుడికీ ఇస్తారా అన్నదే నేను చూస్తున్నాను. పీడన తన ఇంటిదాకా వస్తేనే గుర్తుండే నాయకులు ఆ దేశానికి ఇక చాలు.

డా. సుధ (ఫోరెన్సిక్ మెడిసిన్)
సాగరిక గారి మొదటి ప్రశ్నకు నా వైపు నుంచి కొంత. శవాలు దొరకడంతో పని పూర్తి కాదు, అప్పుడే మొదలవుతుంది. మన్నార్‌లో 2018లో పాత సహకార దుకాణం స్థలంలో 300కు పైగా అస్థిపంజరాలు తీశారు. కొన్ని ఎముకలు అమెరికా ల్యాబ్‌కు పంపితే కార్బన్ పరీక్షలో 15 నుంచి 17వ శతాబ్దం మధ్యవని వచ్చింది. కుటుంబాలు కుప్పకూలిపోయాయి. ఆ ఫలితం తప్పని నేను అనను. కానీ అంత పెద్ద గుంతలో కొద్ది నమూనాలతో అందరి కాలం తేల్చడం సరికాదు. ఎముకలతో పాటు దొరికిన వస్తువులు, మట్టి పొరలు, గాయాల గుర్తులు, కట్టేసిన ఆనవాళ్లు అన్నీ కలిపి చూడాలి.

చెమ్మణిలో కనీసం వస్తువులు మాట్లాడుతున్నాయి. ప్లాస్టిక్, స్కూలు బ్యాగు ఉన్నాయంటే కాలం గురించి వాదన చాలావరకు తగ్గుతుంది. 2025 ఆగస్టులో ఆ వస్తువులను జనానికి చూపించి గుర్తుపట్టమని అడిగారు. తర్వాతి మెట్టు డీఎన్‌ఏ. కుటుంబాల నమూనాలతో ఒక బ్యాంకు కావాలి, అది సైన్యానికి, పోలీసులకు సంబంధం లేనివాళ్ల చేతిలో ఉండాలి. అర్జెంటీనాలో 1984లో యువ శాస్త్రవేత్తలు బృందంగా ఏర్పడి ఇదే చేశారు. సైనిక పాలకుల మీద 1985లో విచారణ జరిగింది, మధ్యలో క్షమాపణ చట్టాలు వచ్చాయి, ఆ చట్టాలను 2005లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది, కేసులు మళ్లీ నడిచాయి. ప్రసాద్ గారు అడిగిన దానికి కూడా ఇదే జవాబు: తమ సైనిక పెద్దలను బోనులో నిలబెట్టిన దేశం ఉంది.

ప్రసాద్_గుంటూరు
డాక్టరు గారూ, అర్జెంటీనా సంగతి నాకు తెలియదు, చదువుతాను. సైన్యం మొత్తాన్ని దోషిగా చూడటం మాత్రం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. కానీ లొంగిపోయినవాళ్ల జాబితా ఇవ్వడానికి అభ్యంతరం ఏముంటుంది? అది ఇచ్చి తీరాలి. అందులో రెండో మాట లేదు.

రమ_టొరంటో
సుధ గారూ, మా ఆంటీ లాంటివాళ్లు వేల మంది కెనడాలో, లండన్‌లో, చెన్నైలో ఉన్నారు. వయసు డెబ్బై దాటింది. తవ్వకాలు ఏళ్లు పట్టేలా ఉన్నాయి. వీళ్లు పోతే సరిపోల్చడానికి ఎవరుంటారు? ఇక్కడే నమూనా ఇచ్చి దాచుకునే వీలుందా?

డా. సుధ (ఫోరెన్సిక్ మెడిసిన్)
శాస్త్రపరంగా ఏ ఇబ్బందీ లేదు. బుగ్గ లోపలి నుంచి దూదిపుల్లతో తీసినది చాలు, సరిగ్గా ఆరబెట్టి భద్రపరిస్తే చాలా ఏళ్లు ఉంటుంది. తమ్ముడి కోసమైతే ఆవిడ నమూనా ఒక్కటే కాకుండా వీలైతే మిగతా తోబుట్టువులది, తమ్ముడి పిల్లలు ఉంటే వాళ్లది కూడా తీసుకోవాలి. ఒకే తల్లి బిడ్డలకు తల్లి వైపు డీఎన్‌ఏ ఒకటిగా ఉంటుంది కాబట్టి పాత ఎముకల్లో అది బాగా పనికొస్తుంది. కోర్టులో నిలబడాలంటే మాత్రం ఎవరు, ఎప్పుడు, ఎవరి ఎదుట తీశారు, ఆ తర్వాత ఎవరి చేతుల్లో ఉంది అన్నది రాతపూర్వకంగా ఉండాలి. అందుకని ఇంట్లో తీసి దాచుకోవద్దు. నమూనాతో పాటు తమ్ముడి ఎత్తు, పళ్లు కట్టించుకున్న వివరాలు, ఎముక విరిగిన పాత దెబ్బలు, ఆ రోజు వేసుకున్న బట్టలు ఆవిడకు గుర్తున్నంతా ఇప్పుడే రాయించి సంతకం చేయించండి. పేజీలు ఎక్కువైనా పర్వాలేదు.